సాయంత్రం క్లాసులు ఎందుకు ఆగాయంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పది రోజులుగా గేటు దగ్గర ఇదే చర్చ. గ్రూపుల్లో అయితే నాకే తెలియని వివరాలు మీకు తెలుస్తున్నాయి. కాబట్టి జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

మన బడిలో సాయంత్రాలు ఉచితంగా చదువు చెబుతున్న స్వచ్ఛంద సంస్థ వలంటీర్లలో ఒకరు పిల్లల దగ్గర విడిగా ఫోన్ నంబర్లు తీసుకుని, రాత్రిళ్లు మెసేజ్‌లు పెడుతున్నట్టు మాకు తెలిసింది. అలా చేయకూడదని ఆ సంస్థ నియమావళిలోనే ఉంది. ఆయన దాని మీద సంతకం పెట్టాకే క్లాసులోకి వచ్చారు. తెలిసిన రోజే సంస్థలో పిల్లల భద్రత చూసే అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాను. విచారణ ముగిసేదాకా ఆయన్ని పని నుంచి పక్కన పెట్టారు. అంటే తప్పు చేశారని తేల్చేసినట్టు కాదు. పోలీసులకు చెప్పారా అని చాలామంది అడిగారు. చెప్పాం. నేరం జరిగి ఉండొచ్చన్న అనుమానం ఉన్నచోట సంస్థ లోపల చేసుకునే విచారణ ఒక్కటే సరిపోదు. ఇంతకుమించి వివరాలు రాయను, దయచేసి అడగొద్దు.

ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేను. ఈ విషయం బయటికి తెచ్చింది పెద్దవాళ్లం ఎవరమూ కాదు, పిల్లలు. ఎవరో చెప్పను, ఏ తరగతో కూడా చెప్పను. చెప్పేయాలని నోరు ఎంత లాగుతోందో నాకే తెలుసు. నా బల్ల మీదికి వచ్చింది రికార్డు పుస్తకంలోంచి చింపిన ఒక కాగితం. అందులో ఏముందో రాయను కానీ ఎలా ఉందో చెబుతాను. పైన తేదీ, పక్కన టైము. అవతలి వ్యక్తి అన్న మాటలు అన్నవి అన్నట్టు. కింద గీత గీసి, ఆ గీత కింద వేరుగా, తనకి ఏమనిపించిందో. ఊహించి కలిపిన మాట ఒక్కటి లేదు. ముప్పై ఏళ్లు నోట్సులు దిద్దిన దాన్ని, అంత శుభ్రమైన కాగితం పెద్దవాళ్ల దగ్గర కూడా చూడలేదు.

అందుకే మళ్లీ నా పాత పాటే. మూడేళ్లుగా ప్రతి మీటింగులో రోజుకి ఐదు వాక్యాల డైరీ అంటున్నాను. "దీనికి మార్కులుంటాయా మేడమ్?" అని అడిగారు. ఉండవు! రోజూ తన రోజు గురించి ఐదు వాక్యాలు రాసుకునే పిల్లకి, పిల్లాడికి, ఒక రోజు మిగతా రోజుల్లా లేదని తెలుస్తుంది. ఏది తేడాగా ఉందో మాటల్లో పెట్టడం తెలుస్తుంది. "ఏదో ఒకలా ఉంది" అని ఊరుకోకుండా "ఫలానా రోజు, ఫలానా టైముకి, ఇలా అన్నారు" అని చెప్పగలుగుతారు. ఫిర్యాదు అందుకున్న చోట మొదట అడిగేవి ఈ మూడే. స్పెల్లింగ్ తప్పులున్నా పర్వాలేదు, ఐదు వాక్యాలు రాయనివ్వండి. ఆ డైరీ మీరు దొంగచాటుగా చదవకండి. చదువుతారని తెలిసిన మర్నాటి నుంచి అందులో వాతావరణ విశేషాలే ఉంటాయి.

ఇక మీలో కొందరు నాతో అన్న మాట. "సార్ మంచాయన మేడమ్, పైసా తీసుకోకుండా చెబుతున్నారు, ఇప్పుడీ గొడవంతా ఎందుకు?" మీ మంచితనం నాకు అర్థమైంది. కానీ ఉచితంగా చేసేవాళ్లని అడగకూడదన్న మొహమాటం ఎక్కడిదాకా వెళ్తుందో ఒకసారి చూడండి. 2010 భూకంపం తర్వాత హైతీ దేశంలో సహాయ కార్యక్రమాలు నడిపిన ఆక్స్‌ఫామ్ చాలా దేశాల్లో పేరున్న సహాయ సంస్థ. అక్కడి సిబ్బందిలో కొందరి మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు వస్తే 2011లో విచారణ జరిపి నలుగురిని తీసేశారు, ముగ్గురిని రాజీనామా చేసి వెళ్లిపోనిచ్చారు. అక్కడ డైరెక్టరుగా చేసినాయన ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో మరో సహాయ సంస్థలో చేరారు. 2018లో పేపర్లో వచ్చేదాకా జనానికి అసలు సంగతి తెలియలేదు. మరుసటి సంవత్సరం, అంటే 2019లో, ఎవరినైనా పనిలోకి తీసుకునే ముందు వాళ్ల పాత సంస్థను దుష్ప్రవర్తన గురించి రాతపూర్వకంగా అడిగే పద్ధతి సహాయ సంస్థల మధ్య మొదలైంది. మంచి పద్ధతే. కాకపోతే పాత సంస్థ దగ్గర కాగితం ఉంటేనే కదా జవాబు వచ్చేది? మనం మొహమాటపడి ఊరుకుంటే "మా దగ్గర ఆయన మీద ఏమీ లేదు" అని వాళ్లు నిజాయితీగానే రాస్తారు. ఆయన ఇంకో బడి గేటు తోస్తారు.

మీ బిడ్డ ఇలాంటిది చెప్పినప్పుడు ముందు వినండి. "నంబరు నువ్వెందుకిచ్చావ్?" అన్నది మొదటి ప్రశ్న అయితే రెండో ప్రశ్నకి జవాబు రాదు. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి, చెప్పాల్సి ఉంటుంది. విన్నది అదే రోజు, బిడ్డ అన్న మాటల్లోనే రాసి పెట్టండి. మెసేజ్‌లు డిలీట్ చేయకండి. పిన్ని ఒకసారి, మామయ్య ఒకసారి, తాతయ్య ఒకసారి కూర్చోబెట్టి అడగడం వద్దు. ప్రతిసారీ చెప్పేది కొంచెం మారుతుంది, ఆ మార్పునే రేపు అబద్ధం అంటారు. రుజువులు వెతకడం మీ పని కాదు. అనుమానం ఉంటే చాలు, చెప్పొచ్చు. నాకు చెప్పండి, లేదా సంస్థలో భద్రతా అధికారికి నేరుగా రాయండి. ఫిర్యాదు ఆ అధికారి మీదే అయితే సంస్థను పైనుంచి చూసే ట్రస్టీలకు రాయండి. పేరు లేకుండా రాసినా తీసుకుంటారు, కానీ తిరిగి ఏమీ అడగలేరు కాబట్టి విచారణ అక్కడే ఆగిపోవచ్చు. ఫిర్యాదు అందినట్టు జవాబు రాకపోతే మళ్లీ రాయండి. ప్రమాదం అప్పటికప్పుడే ఉందనిపిస్తే ఇవేవీ కాదు, ముందు పోలీసులు.

సంస్థ వ్యవస్థాపకులు తెలుసు, ఫోన్ చేసి మాట్లాడేస్తానన్న తండ్రిగారికి ధన్యవాదాలు. ఆ ఫోన్ చేయకండి.

మన ఫిర్యాదుల పెట్టె ఆఫీసు ముందు నుంచి లైబ్రరీ పక్క సందులోకి మారింది. ఆ ఆలోచన ఎనిమిదో తరగతి పిల్లలది. "ఆఫీసు ముందుంటే ఎవరు వేస్తున్నారో అందరూ చూస్తారు కదా మేడమ్" అన్నారు. ఆరేళ్లుగా ఆ పెట్టె ఎందుకు ఖాళీగా ఉందో నాకు అప్పుడు తెలిసింది. సంస్థవాళ్లకి కూడా ఈ మాట చెప్పాను.

చాలా మర్యాదగా ఇంకో సంగతి. రాత్రి పదకొండింటికి పిల్లల చేతిలో ఫోన్ ఉండటానికి హోంవర్కే కారణమని మీరంటున్నారు. మా టీచర్లు ఎవరూ ఆ టైముకి హోంవర్క్ పంపరు. పంపితే వాళ్ల మీదా ఫిర్యాదు చేయండి.

మిగతా వలంటీర్లని అనుమానంగా చూడకండి, వాళ్లూ బాధపడుతున్నారు. క్లాసులు మళ్లీ మొదలయ్యే తేదీ సంస్థ నుంచి రాగానే చెబుతాను. యూనిట్ పరీక్షల తేదీల్లో మార్పు లేదు, ఐడీ కార్డు పోయినవాళ్లు ఆఫీసులో చెప్పండి, స్టాఫ్ రూమ్ బయట పదిహేడు వాటర్ బాటిళ్లు మీ కోసం ఎదురుచూస్తున్నాయి. శనివారం పదింటికి మీటింగు ఉంది, సంస్థ భద్రతా అధికారి కూడా వస్తున్నారు.

ఆ వలంటీరు ఫొటో, దాని కింద రాసిన మాటలు గ్రూపుల్లో ఇంకా తిరుగుతున్నాయి. ఒక ఫొటోలో మన పిల్లల ముఖాలు కూడా ఉన్నాయి. పెట్టినవాళ్లు ఈ రాత్రికే తీసేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు