వానలు ముదరకముందే ఇన్సూరెన్స్ కాగితాలు చూడాలి: చాంబర్ ముందుకు రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచెత్తాయి. దుకాణాల్లో సరుకు రోజుల తరబడి నీళ్లలోనే నానింది. గట్లు బలపరచడం ప్రభుత్వం పని. వ్యాపారి చేతిలో ఉన్న పని ఇన్సూరెన్స్ కాగితాలు సరిచూసుకోవడం. అయితే పాలసీలోని షరతులు చదివి అర్థం చేసుకోవడం కిరాణా కొట్టు నడిపే మనిషికి ఒంటరిగా సాధ్యం కాదు. నగరంలోని చాంబర్ ఆఫ్ కామర్స్, పేటల వారీగా ఉన్న వర్తక సంఘాలతో కలిసి జూన్ నెలలోనే పాలసీ తనిఖీ శిబిరాలు పెట్టాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

చాలా దుకాణాల పాలసీ బ్యాంకు చేయించిందే. సీసీ లిమిట్ (సరుకు మీద ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు పరిమితి) ఇచ్చేటప్పుడు బ్యాంకు తన అప్పు వరకు లెక్క వేసుకుని పాలసీ తీస్తుంది. ప్రీమియం మన ఖాతాలో ఖర్చు రాస్తుంది. కాగితం మాత్రం బ్యాంకు ఫైల్లోనే ఉండిపోతుంది. లిమిట్ 20 లక్షలు, కొట్లో సరుకు 40 లక్షలు అనుకుందాం. వరదలో 10 లక్షల సరుకు పోతే, 20 లక్షల పాలసీ ఉంది కాబట్టి మొత్తం వచ్చేస్తుందని యజమాని ధీమాగా ఉంటాడు. కానీ ఉన్న సరుకులో సగానికే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ సగమే, అంటే 5 లక్షలే లెక్కకొస్తుంది. అందులోంచి ఎక్సెస్ (ప్రతి క్లెయిములో పాలసీదారే భరించాల్సిన భాగం) కూడా తీసేస్తారు. పైగా ఆ డబ్బు ముందుగా బ్యాంకు బాకీకే జమ అవుతుంది. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలసీలో ఈ తక్కువ బీమా 15 శాతం లోపు ఉంటే కోత వేయరు. ఒకే చోట ఉన్న ఆస్తి అంతా కలిపి 5 కోట్లు దాటని వ్యాపారాలకు ఇది సరిపోతుంది, వరద నష్టం కూడా ఇందులో ఉంది. పాత తరహా ఫైర్ పాలసీల్లో ప్రీమియం తగ్గుతుందని వరద కవరు తీసేయించుకున్నవాళ్లు ఉంటారు. షెడ్యూలులో ఎస్‌టీఎఫ్‌ఐ (తుపాను, పెనుగాలి, వరద, ముంపు) అన్న అక్షరాల పక్కన ‘డిలీటెడ్’ అని ఉంటే ఆ పాలసీ వరదకు అక్కరకు రాదు.

సరుకు విలువ రాసేటప్పుడు చాలామంది జీఎస్టీ కలపరు, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టే పన్నులో తగ్గించుకోవడం) ఎలాగూ తీసుకున్నాం కదా అనుకుంటారు. సరుకు పాడైపోతే జీఎస్టీ చట్టం 17(5)(హెచ్) ప్రకారం ఆ క్రెడిట్ వెనక్కి కట్టాలి. అంటే పన్ను కూడా నష్టమే. బీమా మొత్తం, క్లెయిము రెండూ పన్నుతో కలిపే రాయాలి.

అడ్రసు దగ్గర వచ్చే చిక్కు మన ఊళ్లో మరీ ఎక్కువ. కొట్టు వన్‌టౌన్‌లో, గోడౌను గొల్లపూడిలోనో సింగ్‌నగర్‌లోనో ఉంటుంది. పాలసీలో వన్‌టౌన్ డోర్ నంబరు ఒక్కటే ఉంటే గోడౌనులో తడిసిన బస్తాలకు పైసా రాదు. సరుకు అటూ ఇటూ తిరిగే వ్యాపారానికి రెండు అడ్రసులూ రాయించి, రెండు చోట్ల సరుకుకూ ఒకే మొత్తంతో వర్తించే ఫ్లోటర్ పాలసీ తీసుకోవాలి. ఆ గోడౌను జీఎస్టీ రిజిస్ట్రేషనులో అదనపు వ్యాపార స్థలంగా కూడా ఉండాలి, మార్పు జరిగిన 15 రోజుల్లో రెగ్-14 ఫారం పెట్టాలి. ఆటోనగర్ షెడ్లవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. రిపేరుకు వచ్చిన బండ్లు, విడిభాగాలు మన సొంతం కావు. ‘హెల్డ్ ఇన్ ట్రస్ట్’ (ఇతరుల సొత్తు మన దగ్గర ఉంది) అన్న మాట పాలసీలో రాయించకపోతే వాటికి కవరు లేనట్టే.

ఇక నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చాక లెక్క ఎలా నడుస్తుందో వ్యాపారులకు ముందే తెలియాలి. తడిసిన బస్తాలు చూసి ఊరుకోడు. ఏప్రిల్ 1 నాటి సరుకుకు ఆగస్టు 31 వరకు కొనుగోళ్లు కలిపి, అందులోంచి అమ్మిన సరుకు అసలు ఖరీదు తీసేస్తాడు. మొదటి సరుకు 30 లక్షలు, కొనుగోళ్లు 50 లక్షలు, అమ్మకాలు 56 లక్షలు, అమ్మకం మీద లాభం పన్నెండున్నర శాతం అనుకుంటే అమ్మిన సరుకు ఖరీదు 49 లక్షలు. మిగిలింది 31 లక్షలు. అదే నెలలో బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంటులో 45 లక్షలని ఉంటే అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. లిమిట్ కోసం ఎక్కువ చూపారా, బిల్లు లేని సరుకు ఉందా అన్న ప్రశ్నలతో ఫైలు నెలల తరబడి కదలదు. స్టాక్ స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నులు, పుస్తకాలు మూడూ ఒకే మాట చెప్పేలా ప్రతి నెలా సరిచూసుకోవడమే దీనికి మందు. కంప్యూటరు నేల మీద ఉంటే పుస్తకాలు కూడా నీళ్లపాలే. లెక్కలు రాసే టాలీ ప్రోగ్రాము డేటా ఫోల్డరును రోజూ కొట్టు కట్టేసేముందు ఆన్‌లైన్‌లో దాచుకోవాలి.

నీళ్లు తీసిన మర్నాటి నుంచి కందిపప్పు, బియ్యం కుళ్లి వాసన కొడతాయి. ఇరుగుపొరుగు ఊరుకోరు, మున్సిపల్ సిబ్బంది ఎత్తేయమంటారు. సర్వేయరు ఇంకా రాలేదు. అలాంటప్పుడు ఎత్తేయక తప్పదు కానీ, ముందు కంపెనీకి ఈమెయిలు పెట్టాలి. బస్తాల మీది మార్కులు, లాట్ నంబర్లు కనిపించేలా ఫొటోలు, వీడియో తీయాలి. రకానికో నమూనా పక్కన పెట్టి, ఎన్ని బస్తాలు ఎత్తారో శానిటరీ ఇన్‌స్పెక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి. చాంబర్ అవసరం ఇక్కడే అన్నిటికన్నా ఎక్కువ. ఒక్కో వ్యాపారి ఫోను చేస్తే పలకని ఇన్సూరెన్స్ ఆఫీసు, పేటలోని దుకాణాల జాబితా, పాలసీ నంబర్లు పట్టుకుని చాంబర్ ప్రతినిధులు వెళితే పలుకుతుంది. ఎక్కువమంది సర్వేయర్లను పంపమని, తుది లెక్క తేలేదాకా కొంత సొమ్ము ముందుగా ఇవ్వమని అడగడం సంఘబలంతోనే అవుతుంది. పనికొచ్చే తడి సరుకుకు కొనుగోలుదార్లను పిలిచి బహిరంగంగా ధర కట్టించినా మేలే. సాల్వేజి (మిగిలిన తడి సరుకు) విలువ ఎక్కువ వేసి క్లెయిము తగ్గించారన్న తగాదా అక్కడితో తీరుతుంది.

క్లెయిము తిరస్కరించినా, కోసేసినా ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులో బీమా ఫిర్యాదులు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు వెళ్లవచ్చు. ఏకవ్యక్తి యాజమాన్య వ్యాపారాలకు, సూక్ష్మ సంస్థలకు 50 లక్షల వరకు ఈ దారి ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అంతకు మించినవి వినియోగదారుల కమిషన్‌కో సివిల్ కోర్టుకో వెళ్లాలి. ఈ ఫిర్యాదు నమూనాలను తెలుగులో అచ్చువేసి, ఉద్యమ్ సర్టిఫికెట్టు (చిన్న సంస్థగా నమోదైన పత్రం)తో సహా ఏయే కాగితాలు జతచేయాలో వెనకవైపు రాసి, చాంబర్ తన సభ్యులకే కాక సభ్యత్వం లేని చిన్న దుకాణాలకూ పంచాలి. సభ్యత్వ రుసుము కట్టలేని కొట్లే వరదలో ఎక్కువగా మునిగాయి.

ఇట్లు,
వర్తకుల లెక్కలు చూసే ఒక ట్యాక్స్ ప్రాక్టీషనరు,
వన్‌టౌన్, విజయవాడ