పరిష్కారం కాకుండానే మూసేసిన నా ఫిర్యాదు గురించి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. మీ వెబ్‌సైట్‌లో కొన్న ట్రాన్సిస్టర్ల మీద నేను ఇచ్చిన ఫిర్యాదు 'పరిష్కారమైంది' అని మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారండీ? నన్ను ఒక్క మాట కూడా అడగకుండా మూసేశారు. ఆ మెసేజ్ చూశాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీవాళ్లలో పూర్తిగా విన్నవారు ఒక్కరూ లేరు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. గిటార్ కోసం ఫజ్ పెడల్ (తీగ శబ్దానికి గరగర తెచ్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె) సొంతంగా కట్టుకుంటున్నాను. 1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ సర్క్యూట్ అది. అందులో ఉండేవి సిగ్నల్‌ని పెంచే రెండే ట్రాన్సిస్టర్లు, రెండూ పాతకాలపు జెర్మేనియంవి, ఇప్పటి సిలికాన్‌వి కావు. మొదటిదాని గెయిన్ (కరెంట్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) 70-80, రెండోదానిది 120 దరిదాపుల్లో ఉండి, లీకేజ్ (అనవసరంగా కారిపోయే కరెంట్) తక్కువగా ఉంటే ఆ సౌండే వేరు. గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించగానే గరగర పోయి తీగ తేటగా పలుకుతుంది. అందుకే కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో వెతుక్కోకుండా, 'కొలిచి జత చేసినవి' అని మీరు రాసిన ఏసీ128 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్ల జతను ఎక్కువ ధర పెట్టి కొన్నాను.

వచ్చినవాటితో కొలతల చీటీ లేదు. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెడితే బేస్, ఎమిటర్ అనే రెండు కాళ్ల మధ్య 0.65 వోల్టులు చూపించింది. జెర్మేనియం అయితే 0.3 దాటదు, అంటే ఇవి సిలికాన్‌వి. గోరుతో గీకితే పైన ఉన్న ఏసీ128 అన్న అక్షరాలు పొడిగా రాలిపోయాయి, కింద వేరే నంబర్ కనిపించింది. పైగా అవి ఎన్‌పీఎన్ రకం. నా బోర్డు దానికి ఎదురు దిశలో కరెంట్ పారే పీఎన్‌పీ రకానికి కట్టింది.

సరుకు తేడా రావడం ఎక్కడైనా జరుగుతుంది. దానికి నేను ఇంత బాధపడను. తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పుడే మర్చిపోలేకపోతున్నాను.

చాట్‌లో అడిగితే 'పరికరాన్ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి' అని జవాబు. ఫోన్‌లో తెలుగు ఎంచుకుంటే హిందీలో మాట్లాడారు. ఫోటో పంపమన్నారు, పంపాను. తర్వాత మాట్లాడినావిడ అసలు ఫోటోనే రాలేదన్నారు. మళ్లీ పంపితే ఇంకొకరు 'వస్తువు పగిలినట్టు లేదు కదా సార్' అన్నారు. లోపల సిలికాన్ ఉందో జెర్మేనియం ఉందో ఫోటోలో ఎలా తెలుస్తుంది? ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ ఆర్డర్ నంబర్ నుంచి మొదలు. మీటర్ రీడింగ్ చెప్పబోతే మధ్యలోనే 'మీ ఇబ్బందికి చింతిస్తున్నాం' అనేవారు.

చివరికి టెక్నికల్ టీం అంటూ ఒకాయన ఫోన్ చేశారు. 'సిలికాన్‌వే మేలు సార్, వేడికి అంతగా మారవు, అవే వాడుకోండి' అన్నారు. అది నాకూ తెలుసు. బీసీ108 అనే సిలికాన్‌దానితోనూ మంచి ఫజ్‌లు వచ్చాయి. కానీ నేను డబ్బు కట్టింది జెర్మేనియానికి. ఎన్‌పీఎన్ సంగతి ఎత్తగానే 'అది మా డిపార్ట్‌మెంట్ కాదు' అని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత రిటర్న్ గడువు దాటిపోయిందని మెయిల్! గడువు దాటేదాకా తిప్పింది మీరే కదా?

ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ రెసిస్టర్లు, కెపాసిటర్లు, జాక్‌లు అన్నీ మీ దగ్గరే కొన్నాను. నా దగ్గర నేర్చుకునే పిల్లలకూ మీ పేరే చెప్పాను. 'పెడల్ అయిందా సార్' అని వాళ్లు అడుగుతుంటే నాకు తలకొట్టేసినట్టుంది.

నా ఫిర్యాదు మళ్లీ తెరవండి. ట్రాన్సిస్టర్ల గురించి తెలిసిన మనిషితో ఫోన్ చేయించండి. గెయిన్, లీకేజ్ కొలిచి కాగితం మీద రాసి అసలైన జత పంపండి, లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈసారీ ఆటోమేటిక్ జవాబే వస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు. మీ మెసేజ్‌లు, మీటర్ రీడింగ్ వీడియో, గీకిన ట్రాన్సిస్టర్లు అన్నీ భద్రంగా ఉంచాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
హైదరాబాద్