మన వీధి సంఘం వార్షిక నివేదిక, 2025-26

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు పనులు మామూలుగానే సాగాయి. వానలకు ముందు కాలువ పూడిక తీయించాం, ఆరిపోయిన వీధి దీపాలు మార్పించాం, వినాయక చవితికి మట్టి బొమ్మలు పంచాం. జమాఖర్చుల కాగితం విడిగా ఇచ్చాం. చందా బకాయి ఉన్నవారి పేర్లు ఇక్కడ రాయడం లేదు, వారికి తెలుసు.

ఎక్కువ సమయం తిన్నది బండ్ల విషయం. "పొగ తగ్గించమని కార్పొరేషన్‌ని అడిగి ఏం లాభం, బస్సులు ఆర్టీసీవి కదా?" అని కిందటి సర్వసభ్య సమావేశంలో ఒకరు అన్నారు. సగం నిజమే. అయితే 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూల్‌లో, మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల కింద రోడ్లు, పార్కింగ్ స్థలాలు, బస్ స్టాపులు ఉన్నాయి. బస్సు ఆర్టీసీదే, బస్సు దాకా నడిచే దారి మాత్రం కార్పొరేషన్‌ది. బండి తాళం తీయాలా, నడవాలా అన్నది ఆ దారిని చూసే తేల్చుకుంటాం.

ఒక చిన్న లెక్క. బడి కిలోమీటరున్నర దూరం. పిల్లల్ని దించి రావడం, సాయంత్రం తీసుకురావడం కలిపి రోజుకు 6 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే స్కూటర్ 200 బడి రోజుల్లో సుమారు 27 లీటర్లు తాగుతుంది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఒక్క స్కూటర్‌కే 60 కిలోల పైమాట. ఇదంతా నడిచిపోగల దూరానికి!

జూన్‌లో పిల్లల్ని గుంపుగా నడిపించి బడికి తీసుకెళ్లడం మొదలుపెట్టాం. ముగ్గురు తాతగార్లు, ఒక మామ్మగారు వంతులు వేసుకున్నారు. దసరా దాకా బాగా నడిచింది. తర్వాత పల్చబడింది. ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టేయడంతో పిల్లలు రోడ్డు మీదికి దిగాల్సి వస్తోందని తల్లుల టెన్షన్. వాళ్లను తప్పుపట్టలేం. ఆ బండ్లలో కొన్ని మన సభ్యులవే.

ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. మన వీధి నుంచి ఏలూరు రోడ్డు స్టాపుకు నడిచేవాళ్లు పెరిగారు. టికెట్ లేదు సరే, నీడ కూడా లేదు. బెజవాడ ఎండలో ఇరవై నిమిషాలు నిలబడినావిడ మర్నాడు ఆటో ఎక్కుతుంది. షెడ్డు కోసం అర్జీ పెట్టాం, నాలుగుసార్లు తిరిగాం. చివరికి వేశారు. పడమటి వైపు తెరిచి ఉండడంతో మధ్యాహ్నం మూడు దాటితే ఎండంతా లోపలికే వస్తోంది. ఆ వైపు తెర కట్టించమని మళ్లీ అర్జీ పెట్టాం.

తోపుడు బండ్లు తీయించమని కొందరు సభ్యులు రాసిచ్చారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు హక్కు ఇచ్చింది. పైగా గుమ్మం ముందుకు తోటకూర వస్తే రైతుబజారుకు ఒక స్కూటర్ తగ్గుతుంది. దారికి అడ్డం లేకుండా వాళ్లకో చోటు గీసివ్వమని మాత్రం అడిగాం. ఇంకా జవాబు రాలేదు.

బ్యాటరీ బండ్లు కొంటే సరిపోతుంది కదా అన్నవారికి ఒక మాట. మంచిదే, వీధిలో పొగ ఉండదు. కానీ ఆ బ్యాటరీకి కరెంటు కావాలి, మన ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇంకా బొగ్గే కాలుస్తున్నారు. పార్కింగ్ ఇరుకు కూడా ఎప్పటిలాగే ఉంటుంది.

బీఆర్‌టీఎస్ (బస్ రాపిడ్ ట్రాన్సిట్, అంటే బస్సులకు ప్రత్యేక దారి) రోడ్డు గురించీ చర్చించాం. పాత రైలు పట్టాలు తీసేసి, బస్సుల కోసమని వేసిన రోడ్డు అది. ఇప్పుడు బస్సు పేరులోనే మిగిలింది. అది మన సంఘం స్థాయి పని కాదు కాబట్టి పక్క వీధుల సంఘాలతో కలిసి అడగాలని తీర్మానించాం. రవాణా ఖర్చులో కనీసం 60 శాతం నడకకూ సైకిళ్లకూ పెట్టాలని చెన్నై కార్పొరేషన్ 2014లో చేసుకున్న విధానాన్ని ఆ అర్జీకి జత చేస్తున్నాం.

అర్జీ ప్రతి కార్యదర్శి ఇంట్లో ఉంది. సాయంత్రం ఆరు తర్వాత వచ్చి సంతకం చేయండి. దయచేసి నడిచి రండి, గేటు ముందు బండి పెట్టే చోటు లేదు.

కార్యదర్శి