పక్క మంచం పెద్దమ్మకి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పక్షవాతంతో ఆసుపత్రిలో ఉన్న నాన్నని నిన్న ఒంగోలు ఇంటికి తీసుకొచ్చాం. మాట వచ్చింది, కుడి చెయ్యి ఇంకా లేవట్లేదు. ఫోన్లు చేసినవాళ్లతో విడివిడిగా మాట్లాడే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

అమ్మ, అన్నయ్య, మా ఆవిడ, బాబాయిలు ఇంటివాళ్లు, చేస్తారు, చేశారు. పాస్టర్ గారు, సంఘస్తులు రోజూ వచ్చి ప్రార్థన చేశారు. సంతోషం.

నేను చెప్పాల్సింది వార్డులో మా పక్క మంచం పెద్దమ్మ గురించి. మద్దిపాడు వైపు పల్లె వాళ్లది. ఆమె భర్తదీ పక్షవాతమే, నాన్నకన్నా బాగా ముదిరింది. మేం వెళ్లిన రాత్రి అమ్మ గచ్చు మీద కూలబడి ఏడుస్తుంటే, తను పడుకున్న చాపలో సగం ఖాళీ చేసి 'ఇటు జరుగమ్మా' అంది. పేరూ ఊరూ అడిగింది తెల్లారాకే.

నా ఎడం చేతి మీద మా హీరో పేరు పచ్చబొట్టు ఉంది. నాన్నకి పైపులో పాలు పోస్తుంటే చూసి, 'మీ నాయన పేరా అబ్బయ్యా?' అంది. కాదు పెద్దమ్మా, సినిమా హీరో అన్నాను. 'అయితే నువ్వున్నట్టు ఆయనకి తెలుసా?' వెటకారం కాదు, నిజంగానే అడిగింది. మొదటి ఆటకి ఫ్లెక్సీ కడుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నవాణ్ణి, నోట మాట రాలేదు. 'యెషయా గ్రంథంలో ఉందిలే, దేవుడే మనల్ని అరచేతుల మీద చెక్కుకున్నాడంట. ఆ చేతుల్లోకే మేకులు దిగినయ్' అని తన పనిలో పడింది.

రాత్రిళ్లు కబుర్లు చెప్పేది. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, వాళ్లలో ఆమె పూర్వీకులూ ఉన్నారంట. అది ధాత కరువు, అంటే 1876-78 నాటి పెద్ద కరువు కాలం. ఒంగోల్లో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి కూలి చూపించాడు గానీ, ఆ పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. 'మావోళ్లు గంజి కోసం రాలా. నేనూ ఈయన లేస్తేనే అని బేరం పెట్టి ప్రార్థన చెయ్యట్లా' అంది.

ఆయన లేవలేదు. తెల్లవారుజామున పోయాడు. కింద బండి సిద్ధంగా ఉంటే ఆమె మళ్లీ మెట్లెక్కి పైకొచ్చింది. ఆ చాప, ఫ్లాస్కు అమ్మ చేతిలో పెట్టి, 'ఆరింటి బిళ్ల మర్చిపోబాకండి' అని చెప్పి దిగిపోయింది. నాన్న పడిపోయినప్పుడు కూడా ఏడవనివాణ్ణి, అక్కడ గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. కొంగులో పైసా లేని మనిషి, ఆ కాసేపట్లో ఉన్న ఒక్క తోడూ పోయిన మనిషి, మా బిళ్ల గురించి ఆలోచించింది. ఆమె దగ్గరున్నదేదో నాకు కావాలనిపించింది.

సినిమా బాగుంటే ఇప్పుడూ చూస్తాను. కానీ నా కోసం ప్రాణం పెట్టిన యేసయ్య పక్కన ఇంకెవర్నీ నిలబెట్టలేను. నా బండి స్కానింగుల ఖర్చుకే పోయింది. ఏళ్లపాటు ఈఎంఐలు కట్టి, రోజూ తుడుచుకున్న బండి. పోయిందన్న బాధ వెతికినా దొరకట్లేదు, విచిత్రం.

ఒక్క మాట అనకుండా ఉండలేను. నాన్న జీవితమంతా పొగాకు గ్రేడింగ్ పనే. వేలిముద్రలు అరిగిపోయాయి. సర్కారు ఉచిత వైద్యం కార్డు ఉంది, మనిషి మంచం మీద ఉన్నాడు, ముఖం చూస్తే తెలుస్తుంది, అయినా మిషన్ వేలు తీసుకోలేదని అప్రూవల్ ఆపారు. పడిపోయిన మనిషి వేళ్లు తడిపి, తుడిచి, మళ్లీ మళ్లీ నొక్కించారు. ఈలోగా డబ్బు కట్టమన్నారు. ఇలాంటివాళ్లకి వేరే దారి ఒకటి పెట్టాలని అక్కడ ఎవరికీ తోచదా? చదువు లేనివాళ్లయితే ఏమైపోవాలి?

అయ్యో, అంబులెన్స్ డ్రైవర్ అన్నని మరిచాను. ట్రాఫిక్‌లో ఎలా తీసుకెళ్లాడో ఆయనకే తెలియాలి. రక్తం ఇచ్చిన మా ఫ్యాన్స్ తమ్ముళ్లూ, పైన రాసింది చూసి అలగొద్దు, మీరు అర్ధరాత్రి వచ్చారు. గేటు బయట ఇడ్లీ బండి అక్క అమ్మ దగ్గర డబ్బులు తీసుకోలేదు. నైట్ డ్యూటీ సిస్టర్ గారికి కూడా. పెద్దమ్మ వాళ్ల ఆయన జ్ఞాపకార్థ కూడిక ఆదివారమంట, నేనూ అన్నయ్యా వెళ్తున్నాం, మద్దిపాడు మీదుగా వచ్చేవాళ్లుంటే చెప్పండి.