ఆ రాత్రి నన్ను ఆపినందుకు

పది రోజులుగా ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చోవడం, లేచిపోవడం. థాంక్స్ చెప్పడం కష్టమేమీ కాదు. దానితో పాటు ఒక క్షమాపణ కూడా బాకీ ఉంది. నలుగురి ముందు నోరు జారాను కాబట్టి నలుగురి ముందే చెప్పాలి. అందుకే ఇంత ఆలస్యం.

మా వీధిలో అత్యవసర శిక్షణ ఇచ్చే వాలంటీర్ల బృందానికి ఈ పోస్టు. మీరు ఐదుగురే. రిటైరైన మాస్టారు, ఎలక్ట్రీషియన్ అన్న, ఒకప్పుడు నర్సుగా చేసిన అక్క, కాలేజీలో చదువుతున్న తమ్ముడు, వాళ్లమ్మ గారు. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు.

జరిగింది తెలియని వాళ్ల కోసం చెప్తాను. ఆ రోజు సాయంత్రం మొదలైన వాన రాత్రి రెండైనా తగ్గలేదు. కాలువ పొంగి వీధిలోకి, వీధిలోంచి మా భవనం కింది వాటాలోకి నీళ్లు వచ్చేశాయి. అక్కడ ఉండేది పెద్దవాళ్లు ఇద్దరే. ఆయనకు షుగర్, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. కిటికీలోంచి ఆవిడ పిలుస్తున్న పిలుపుకే మూడో అంతస్తులో నాకు మెలకువ వచ్చింది. పరుగున మెట్లు దిగాను. ఫోన్ చేసేసరికే మీరు బయల్దేరారట, నా వెనకే వచ్చారు.

కింద మోకాళ్ల లోతు నీళ్లు. వాళ్లింట్లో లైట్లు వెలుగుతున్నాయి. నా బుర్రకు అది ధైర్యంగా కనిపించింది. చీకటి లేదు, లోపలంతా తెలుస్తోంది, నాలుగంగల్లో వెళ్లి ఆవిడను ఎత్తుకొచ్చేద్దాం అనుకున్నాను. నీళ్లకు పైనున్న చివరి మెట్టు మీద ఉన్నాను. ఒక కాలు ఎత్తాను కూడా. వెనక నుంచి ఎవరో నా చొక్కా పట్టుకుని లాగారు.

"ఆగు. లైట్లు వెలుగుతున్నాయి, చూడు" అంది అక్క.

చూస్తూనే ఉన్నాను కదా, అదే కదా నేను చెప్పేది! నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "భయమైతే మీరు పక్కకు తప్పుకోండి. క్లాసులు చెప్పడానికి మాత్రం ముందుంటారు" అన్నాను. మెట్ల మీద అప్పటికి పది మంది ఉన్నారు, అందరూ విన్నారు. అక్క మాత్రం జవాబు చెప్పలేదు, చొక్కా వదల్లేదు.

మీటర్లు, మెయిన్ స్విచ్‌లు ఉన్నది మెట్ల కింద గదిలో. అందులోనూ నీళ్లే. ఎలక్ట్రీషియన్ అన్న ఆ గది వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. తడిలో నిలబడి మెయిన్ ముట్టుకోకూడదని ఆయనకంటే తెలిసినవాళ్లు ఎవరు? కరెంటు వాళ్లకు ఫోన్ చేసి మా వీధి లైన్ తీసేయమన్నాడు. పదకొండు నిమిషాలు పట్టింది. ఫోన్‌లో టైమ్ చూస్తూ నిలబడ్డాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను. ఆ పదకొండు నిమిషాలూ అక్క కిటికీ వైపు తిరిగి పెద్దవాళ్లతో మాట్లాడుతూనే ఉంది. మంచం మీదే ఉండండి, కాళ్లు కిందపెట్టొద్దు, ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, మేం ఇక్కడే ఉన్నాం, ఎక్కడికీ పోం. ఆయన రెండుసార్లు దిగబోతే రెండుసార్లూ పేరు పెట్టి పిలిచి ఆపింది.

వీధంతా ఒక్కసారిగా చీకటైంది. ఇక దూకొచ్చనుకున్నాను. అప్పుడు కూడా అన్న ఆగమన్నాడు. లైన్ తీసింది మనదేనా అని మళ్లీ ఫోన్ చేసి అడిగాడు. లోపల ఇన్వర్టర్ ఉందా అని పెద్దాయన్ను అడిగాడు. లేదన్నాకే దిగనిచ్చాడు. ఇన్వర్టర్ సంగతి నాకు చచ్చినా తట్టేది కాదు.

తర్వాత పనంతా చకచకా అయిపోయింది. మాస్టారు కర్రతో అడుగు తడుముకుంటూ ముందు నడిచారు. బురద నీళ్లలో మూత లేని కాలువ ఎక్కడుందో కంటికి కనపడదు కదా. ఎవరూ ఒంటరిగా దిగలేదు, ఇద్దరిద్దరుగా వెళ్లారు. ఆవిడను ఎత్తుకోలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, కొంచెం వెనక్కి వాల్చి, ముందొకరు వెనకొకరు పట్టుకుని తెచ్చారు. వెనక పట్టుకున్నది నేనే, అప్పటికి నన్నూ పనిలోకి దించారు. మంచం దిగేటప్పుడు ఆవిడ అరికాల్లో గాజుపెంకు గీసుకుని బాగా రక్తం కారింది. పైకి వచ్చాక తమ్ముడు శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమిపట్టి కూర్చున్నాడు. నేను వంగి, ఆగిందేమో తీసి చూడమన్నాను. "తీస్తే మళ్లీ మొదలవుతుందన్నా" అన్నాడు. పంతొమ్మిదేళ్లుంటాయేమో వాడికి.

మర్నాడు నీళ్లు తీశాక అన్న నన్ను లోపలికి పిలిచి ఒకటి చూపించాడు. గుమ్మం దాటగానే కుడివైపు నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఫ్రిజ్ ప్లగ్గు దానికే పెట్టి ఉంది. రంధ్రాల్లో బురద. నేను ఎత్తిన కాలు పడేది దానికి రెండడుగుల దూరంలో. అన్న ఏమీ అనలేదు, చూపించి ఊరుకున్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

అక్కా, ఆ మాట అన్నందుకు నన్ను క్షమించు. నువ్వు మర్చిపొమ్మన్నావు. నాకు మర్చిపోవాలని లేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మీ శిక్షణ ఆరు ఆదివారాలు. నేను వెళ్లింది రెండే, అదీ మా ఆవిడ పోరు పడలేక. మొదటి రోజు మాస్టారు మెక్సికో సంగతి చెప్పారు. 1985 సెప్టెంబరులో మెక్సికో నగరంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఏ శిక్షణా లేని మామూలు జనం శిథిలాల్లోకి దిగి 800 మందికి పైగా బయటికి తీశారట. అలా దిగినవాళ్లలో దాదాపు 100 మంది తామే ప్రాణాలు పోగొట్టుకున్నారు. పక్కింటివాళ్లు ఎలాగూ ఆగరు, పరిగెడతారు, కాబట్టి వాళ్లకే ముందు నేర్పాలన్న ఆలోచనతో లాస్ ఏంజిల్స్ అగ్నిమాపక శాఖ ఇలాంటి శిక్షణకు ఆ ఏడాదే రూపమిచ్చిందనీ, 1993 నుంచి అది అమెరికా అంతటా వ్యాపించిందనీ చెప్పారు. నేను విన్నాను. 800 దగ్గర చప్పట్లు కొట్టాను. 100 దగ్గర ఏం ఆలోచిస్తున్నానో గుర్తులేదు.

రెండో ఆదివారం మంటల గురించి. మూకుడులో నూనె అంటుకుంటే ఏం చేస్తారని అడిగితే సగం మందిమి నీళ్లన్నాం. చెయ్యి ముందు నీళ్ల వైపే పోతుంది మరి. నీళ్లు మరిగే నూనెలో పడగానే ఆవిరై ఒక్కసారిగా 1700 రెట్లు ఉబ్బుతాయి, మండే నూనెను ఇల్లంతా చిమ్ముతాయి అని వివరించారు. స్టవ్ ఆపడం, మూత పెట్టడం, మూకుడు కదపకుండా చల్లారే దాకా వదిలేయడం, అంతే. ఆ రోజూ చెప్పింది ఇదే కదా అని ఇప్పుడనిపిస్తోంది: చెయ్యో కాలో పరిగెత్తేముందు ఒక్క క్షణం చూడు. పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా చాలు, మనిషిని పడగొడతాయనీ, 60 సెంటీమీటర్లకు చాలా బళ్లు కొట్టుకుపోతాయనీ చెప్పింది మూడో ఆదివారమట. నేను ఆ రోజు ఇంట్లో నిద్రపోతున్నాను.

మా ఆవిడ ఆరూ పూర్తి చేసింది. తలుపు పక్కన ఒక సంచి సర్దిపెట్టింది. టార్చి, విడి బ్యాటరీలు, విజిల్, పవర్ బ్యాంక్, కొంచెం నగదు, నా పాత కళ్లజోడు, ప్లాస్టిక్ కవర్లో కాగితాల నకళ్లు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజులకు నీళ్లు విడిగా. నేను ఆఫీసుకు వెళ్తూ ఆ సంచిని కాలితో పక్కకు జరిపి, ఏ ఊరు ప్రయాణం అని రోజూ ఎగతాళి చేసేవాణ్ణి. కొవ్వొత్తులు పెట్టలేదేం అంటే, గ్యాస్ లీకైతే తెలుస్తుందిలే అనేది.

ఆ రాత్రి పెద్దవాళ్లిద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. తడి బట్టలు మార్పించి, దుప్పట్లు కప్పాం. అప్పుడు పెద్దాయన తన మందుల గురించి కంగారు పడ్డారు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్ నీళ్లలో ఉంది. పేరు అడిగితే "నీలం మూతది" అంటారు. మా ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసింది. నాలుగో ఆదివారం మీరిచ్చిన పనట, పక్కన ఉండే పెద్దవాళ్ల మందులు, మోతాదులు, డాక్టర్ నంబరు, దూరాన ఉన్న పిల్లల నంబరు అడిగి రాసిపెట్టుకోమని. రెండు నెలల క్రితమే వెళ్లి రాసుకొచ్చింది. ఆ కాగితం చూస్తూనే అక్క డాక్టర్‌తో మాట్లాడింది, తెల్లారకముందే కొత్త ఇన్సులిన్ వచ్చింది. వరద నీళ్లు తగిలిన మందులు మూత గట్టిగా ఉన్నా వాడకూడదని పాతవన్నీ పారేయించింది. కాల్స్ కలవకపోతే ఆ పెద్దవాళ్ల అమ్మాయికి తమ్ముడు మెసేజ్ పెట్టాడు, అది వెళ్లింది.

"దేవుడి దయ, అదృష్టం" అని భవనంలో చాలామంది అంటున్నారు. కాదనను. కానీ ఆ దయకు ముందు ఆరు ఆదివారాలు, ఖాళీ కుర్చీలకు కూడా విసుక్కోకుండా పాఠం చెప్పిన ఐదుగురు మనుషులున్నారు. ఆ ఖాళీ కుర్చీల్లో ఒకటి నాది. విజిళ్ల గోల అని మీ మీద కంప్లయింట్ రాస్తే సంతకం పెట్టిన వాళ్లలోనూ నేనొకణ్ణి. అదీ ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఆవిడ కాలికి కుట్లు విప్పారు, నడుస్తున్నారు. పెద్దాయన ఎక్స్‌టెన్షన్ బాక్సును నడుమెత్తున గోడకు బిగించుకున్నారు. కింది వాటా తలుపు మీద మీరు సుద్దతో వేసిన గుర్తు ఇంకా అలాగే ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు ఒక గీత, అందరూ బయటికొచ్చాక దాని మీద అడ్డంగా ఇంకోటి. రంగులు వేసినా ఆ చోటు వదిలేయమన్నారు ఆవిడ.

కొత్త బ్యాచ్‌కు నా పేరు రాశాను. మాస్టారూ, మీ పెద్ద టార్చి ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయింది. తుడిచి, బ్యాటరీలు మార్చి, సంచి పక్కనే పెట్టాను. ఆదివారం వచ్చేటప్పుడు తెస్తాను.