వేడి కీమో వార్తల్లో రాయని సగం

సంపాదకుడు గారికి,

హైపెక్ అనే వేడి కీమో గురించి పత్రికల్లో తరచూ కనిపించే మాట: మందు పొట్టలోనే ఉంటుంది, ఒంటికి అంటదు, కాబట్టి దుష్ప్రభావాలు లేవు. ఇందులో సగమే నిజం. పొట్టలో పాకిన క్యాన్సర్ కణితుల్ని ఏరి తీసేశాక, అదే ఆపరేషన్ టేబుల్ మీద 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వేడితో మందు ద్రావణాన్ని సాధారణంగా గంట, గంటన్నర పొట్టలో తిప్పి తోడేస్తారు. ఈలోగా కొంత మందు పొట్ట లోపలి పొర గుండా రక్తంలోకి చేరిపోతుంది. అందుకే ఏ మందు వాడారన్నది ముఖ్యం.

మైటోమైసిన్ అయితే దెబ్బ ఎముక మజ్జకు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఆ రోజే పడిపోవు. వారం, రెండు వారాలకు పడతాయి. సరిగ్గా పేషెంటు ఇంటికి చేరే వేళకి! సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది, మెగ్నీషియం తగ్గిస్తుంది, చెవుల్లో హోరు రావచ్చు. కిడ్నీలను కాపాడటానికి సోడియం థయోసల్ఫేట్ ఎక్కించే పద్ధతి ఉంది. ఇస్తారా అని ముందే అడగొచ్చు. ఆక్సాలిప్లాటిన్‌ను డెక్స్‌ట్రోజ్ ద్రావణంలో కలిపితే షుగర్ ఎగబాకి సోడియం పడిపోవచ్చు. పొట్టలో రక్తస్రావం భయం కూడా దీనికి ఉంది.

పేగులు కొన్నాళ్లు కదలకపోవడం, కుట్లు వేసిన చోట లీకవడం వంటివి పెద్ద ఆపరేషన్ వల్లా వస్తాయి, కీమో వల్ల గాయం నెమ్మదిగా మానడం వల్లా వస్తాయి. ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. అలాగని అనవసరంగా భయపెట్టడమూ తప్పే. అండాశయ క్యాన్సర్‌పై 2018లో వెలువడిన ట్రయల్‌లో తీవ్రమైన దుష్ప్రభావాలు హైపెక్ తీసుకున్నవారిలో 27 శాతం, ఆపరేషన్ మాత్రమే అయినవారిలో 25 శాతం. పెద్దపేగు క్యాన్సర్ పొట్ట పొరకు పాకినవారిపై ఆక్సాలిప్లాటిన్‌తో చేసిన 2021 నాటి ట్రయల్‌లో మాత్రం 60 రోజుల నాటికి తీవ్ర సమస్యలు హైపెక్ తీసుకున్నవారిలో 26 శాతం, తీసుకోనివారిలో 15 శాతం. పైగా ఆయుష్షులో తేడా కనిపించలేదు. జబ్బు పేరు, మందు పేరు లేకుండా 'హైపెక్ మంచిదే' అని రాస్తే చదివేవారికి ఏం తెలుస్తుంది?

ఆసుపత్రులూ ఒక పని చేయాలి. డిశ్చార్జి కాగితంలో 'హైపెక్ చేశాం' అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా మందు పేరు, మోతాదు, ఇచ్చిన తేదీ రాయాలి. రక్తకణాలు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), మెగ్నీషియం పరీక్షల తేదీలు, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు కూడా ఉండాలి. ఆపరేషన్‌లో ప్లీహం (స్ప్లీన్) కూడా తీసేసి ఉంటే వేయించాల్సిన టీకాలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు ఎన్నాళ్లన్నదీ అందులోనే రాయాలి. 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరం, ఆగని వాంతులు, ఉబ్బిన పొట్ట, కాలి పిక్కలో వాపు, ఆయాసం కనిపిస్తే పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా ఆగకూడదని కూడా స్పష్టంగా ఉండాలి. అర్ధరాత్రి జ్వరంతో వచ్చిన పేషెంటును మొదట చూసేది ఆపరేషన్ చేసిన సర్జన్ కాదు, ఆ కాగితం తప్ప మరే ఆధారమూ లేని డ్యూటీ డాక్టరు.

ఇట్లు,
ఒక ఆంకాలజీ నర్సు