కథ ముందు, కత్తెర తర్వాత
అందరికీ నమస్తే. గుడ్డ మీద కథ చెబుతూ మీరు కుడుతున్న వాటి ఫొటోలన్నీ చూశాను. రంగులు, అతుకులు బాగా కుదిరాయి. కానీ చాలామంది మాటల్ని చివర్లో, మిగిలిన కాస్త ఖాళీలో ఇరికిస్తున్నారు. దయచేసి కథ ముందు రాసుకోండి, గుడ్డ తర్వాత కత్తిరించండి.

అమెరికన్ కళాకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1983లో మొదలుపెట్టిన కథల బొంతల్లో బొమ్మల పక్కనే రాత కూడా ఉంటుంది. దగ్గరికెళ్లి చదవాల్సిందే. అంతకు చాలా ముందే, 1830 ప్రాంతంలో, ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ పార్కర్ అనే పనిమనిషి తన బాధంతా నార బట్ట మీద ఎర్ర దారంతో అక్షరాలుగా కుట్టింది. ఒక్క బొమ్మ కూడా లేదు. వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది, కింద బట్ట ఖాళీగా ఉండిపోతుంది. ఆ ఖాళీ చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

చిన్న అక్షరాలకు రెండు పోగులతో బ్యాక్ స్టిచ్ (ప్రతిసారీ సూదిని కాస్త వెనక్కి తెచ్చి వేసే కుట్టు) చాలు, మలుపుల దగ్గర కుట్లు ఇంకా చిన్నవి వేయండి. కాగితం కలిపి కుట్టేవాళ్లు వెనక పల్చటి గుడ్డ అంటించి, సూదితో ముందే రంధ్రాలు చేసుకోండి, లేకపోతే చిరిగిపోతుంది. పాత ఉత్తరాలైతే జిరాక్స్ వాడండి, అసలువి దాచుకోండి.

ఆదివారంలోగా మీ కథ నాలుగు వాక్యాల్లో ఇక్కడ పెట్టండి. చిత్తుప్రతిలా ఉన్నా పర్వాలేదు.